పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, అయినా మా వైఫైలో మూడు తెలియని ఫోన్లు

నిజాంపేట్ మూడో అంతస్తు:
అన్నా, సాయంత్రమైతే నెట్ నత్తనడక నడుస్తోందని నిన్న రౌటర్ పేజీ తెరిచి చూశాను. మా ఇంట్లో ఉన్నవి ఐదు, లిస్టులో ఎనిమిది! పాస్‌వర్డ్ నా మొబైల్ నంబరే, కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి అలా పెట్టి వెళ్లాడు, నేనూ మార్చలేదు. ఇప్పుడైతే వైఫై పేరు కనబడకుండా దాచేశాను, సరిపోతుందా? మా ఆవిడ ఈ వైఫై మీదే బ్యాంకు పనులు చేస్తుంది, రాత్రంతా టెన్షన్.

కూకట్‌పల్లి:
ముందు ఆ మూడూ బయటివేనా చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో నకిలీ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్ గుర్తింపు సంఖ్య) చూపిస్తాయి, మన ఫోనే కొత్తదానిలా కనిపిస్తుంది. ఇంట్లో ఒక్కోదాంట్లో వైఫై ఆపుతూ లిస్టు చూడండి. పేరు దాస్తే ఒరిగేదేం లేదు, మీ ఫోన్ కనెక్ట్ అయినప్పుడల్లా ఆ పేరు గాల్లోకి వెళ్తూనే ఉంటుంది.

నెట్‌వర్క్ పని చేసేవాణ్ని:
అసలు చిక్కంతా ఆ మొబైల్ నంబరే. డబ్ల్యూపీఏ2లో, అంటే వైఫైకి తాళం వేసే పద్ధతిలో, ఫోనూ రౌటరూ మొదట నాలుగు సందేశాలు మార్చుకుంటాయి, పక్క ఫ్లాట్‌లో కూర్చుని వాటిని పట్టుకున్నవాడు ఆ తర్వాత మీ రౌటర్ జోలికే రాకుండా తన కంప్యూటర్‌లో ఒక్కో నంబరూ వేసి చూసుకుంటాడు. మన నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, అన్నీ కలిపినా 400 కోట్లు, మంచి గ్రాఫిక్స్ కార్డుకి గంటల పని. అంత శ్రమ కూడా ఎందుకు, మీ నంబర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరి దగ్గరా ఉంటుంది కదా.

డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయం, అది కూడా ఆపేయండి. ఆ ఎనిమిదంకెల పిన్‌ని రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, 11,000 ప్రయత్నాల్లోపే దొరుకుతుందని 2011లోనే బయటపడింది.

నిజాంపేట్ మూడో అంతస్తు:
ఒకటి మా టీవీ బాక్సే! మిగతా రెండూ పాస్‌వర్డ్ మార్చగానే పోయాయి. పొంతన లేని ఐదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టాను. కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 పెడితే మాత్రం పాత టీవీ కలవట్లేదు.

నెట్‌వర్క్ పని చేసేవాణ్ని:
డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మోడ్ ఉంటే అది పెట్టండి, టీవీ డబ్ల్యూపీఏ2లోనే ఉంటుంది కాబట్టి ఆ పొడుగు పాస్‌వర్డ్ తీసేయొద్దు. బ్యాంకు యాప్ తన సమాచారాన్ని విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, దానికి అంత భయం వద్దు. కానీ రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా కింద స్టిక్కర్ మీదున్నదేనా? అయితే ఈ రాత్రే మార్చండి, లోపలికి వచ్చినవాడు డీఎన్‌ఎస్ (ఏ సైటు ఎక్కడుందో చెప్పే సెట్టింగ్) మార్చి పోయాడేమో కూడా చూడండి.