నాన్నకి ఇంటి దగ్గరే పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం): కోనసీమలో ఎవరైనా చేయించారా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. నాన్నగారికి లివర్ క్యాన్సర్, ఊపిరితిత్తులకీ పాకింది. ఇక కీమో ఇస్తే ఒంటికి హింసే తప్ప లాభం లేదని కాకినాడలో డాక్టర్ గారు చెప్పేశారు. నాన్న దగ్గర ఏమీ దాచలేదు, ఆయనే హాస్పిటల్ వద్దు, ఇక్కడే అరుగు మీద మంచం వేయించు అన్నారు.

హైదరాబాద్‌లో చివరి దశ రోగుల్ని చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉందని తెలుసు, కానీ అంత దూరం కారులో కూర్చునే ఓపిక ఆయనకి లేదు. ఇంటికొచ్చి చూసే నర్సో డాక్టరో కావాలి, రాజోలు, రావులపాలెం, పాలకొల్లు ఎటువైపు నుంచైనా సరే.

రాత్రిళ్లు నొప్పికి అసలు నిద్ర లేదు. మార్ఫిన్ అనే గట్టి నొప్పి బిళ్లలు మా ఊరి మందుల షాపుల్లో లేవు. 2014లో మత్తుమందుల చట్టం మార్చాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు వాటిని ఇవ్వొచ్చట కదా, మనకి దగ్గర్లో ఎక్కడ ఇస్తున్నారు? మా బాబాయేమో మత్తుకి అలవాటు పడిపోతాడని ఒకటే గోల. నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం అక్కర్లేదనీ, మలబద్ధకం రాకుండా మాత్రం పక్కన ఇంకో మందు ఉండాలనీ చదివాను. వాడినవాళ్లు చెబితే బాబాయి వింటారేమో.

ఇంకోటి, తిండి. నాన్న చేపల పులుసు అడుగుతుంటే చుట్టాలు పథ్యం అంటున్నారు (ఇప్పుడు పథ్యం ఎవరి కోసమో!). కాకపోతే కాళ్లు వాచాయి, పొట్టలో నీరు చేరింది. ఇలాంటప్పుడు మీ ఇంట్లో ఉప్పు ఎంతవరకు తగ్గించమన్నారు?