సమస్యాపూరణం: “తడిసినట్టి బట్ట తగులబెట్టె”

ఇచ్చిన ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూర్తిచేసి, అందులోని చిక్కు విప్పాలి. ఇది ఆటవెలది నాలుగో పాదం. తడిసి–నట్టి–బట్ట–తగుల–బెట్టె, అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు–లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదిరే జోడు) త–త. తడి బట్ట ఆరుతుంది గానీ అంటిస్తుందా అన్నదే చిక్కు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉండిన వైట్‌హాల్ రాజప్రాసాదం మీదే పూరించాలి. 1529లో కార్డినల్ వుల్జీ పదవి పోయాక ఎనిమిదో హెన్రీ చేజిక్కించుకున్న భవనమిది. 1691లో కొంత కాలింది. 1698 జనవరి 4న మళ్ళీ అంటుకుంది, ఆ తర్వాత తిరిగి కట్టలేదు. ఆనాటి కాగితాల్లో 1697 అని కనిపిస్తే కంగారు పడొద్దు: అప్పట్లో ఇంగ్లండుకు సంవత్సరాది మార్చి 25, ఇంచుమించు మన ఉగాది వేళకు!

పూరణ 1

డచ్చి పడతి యొకతె పచ్చిబట్టలు గొని
బొగ్గుకుంపటిదరి పొగలు రేగ
ఆరవేసి మరువ నంతఃపురంబెల్ల
తడిసినట్టి బట్ట తగులబెట్టె

పరిశీలన: కారణాన్ని సూటిగా పట్టారు. పై గదిలో కుంపటి చుట్టూ నారబట్టలు ఆరవేసి వదిలేయడమే మూలం. చలికాలం, ఎండ లేదు. తడి ఇగిరిన బట్టకు నిప్పు అంటడానికి ఎంతసేపు? మొదటి పాదంలో డచ్చి–పచ్చి ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. చిక్కల్లా “ఎల్ల”తోనే. అంతా కాలలేదు, అందులోని విందుల మేడ బాంక్వెటింగ్ హౌస్ మిగిలింది. “నంతఃపురంబును” అంటే త గణం, భ గణం సరిపోతాయి, చరిత్రా నిలుస్తుంది.

పూరణ 2

కుంపటికడ నేది కూర్చెనా పనికత్తె?
థేమ్సు తీరమందు దివ్యమైన
రాచనగరి నగ్గి రాజి యేమొనరించె?
తడిసినట్టి బట్ట, తగులబెట్టె

పరిశీలన: క్రమాలంకారం. సమస్యను రెండుగా విరిచి ఒక్కో ప్రశ్నకు ఒక్కో ముక్క జవాబుగా ఇచ్చారు. విరోధం దానంతటదే పోయింది. ఇప్పటికి ఇదే మేలు. ఒక ముచ్చట: ఆ నది పేరును అక్కడివారు పలికినట్టు “టెమ్స్” అని రాసి ఉంటే టె–ది యతి కుదిరేది కాదు. మన పత్రికల అలవాటు మిమ్మల్ని కాపాడింది.

పూరణ 3

రూబెన్సు చిత్రాల రూఢికెక్కిన మేడ
నిలిచె, మిగత గదుల నిప్పురవ్వ
వేయునైదునూర్లు వెస నంటుకొనగ నా
తడిసినట్టి బట్ట తగులబెట్టె

పరిశీలన: విషయం బాగుంది, మొదటి పాదం పడిపోయింది. “రూబె” గలం (గురువు, లఘువు) అనుకున్నారు. వెనక “న్సు” ఉంది కనుక “బె” గురువు. రెండు గురువులకు సూర్యగణంలో చోటు లేదు. “చిత్రాల”లో “చి”దీ అదే గతి. పరదేశి పేర్లతో తరచూ వచ్చే తప్పే ఇది: ముందు పేరును గురులఘువులుగా విడగొట్టుకొని, తర్వాతే పాదంలో పెట్టాలి. చిత్రకారుడి మొదటి పేరు పీటర్ కదా:

పీటరు పనితనపు పేరుకెక్కిన మేడ

పీ–పే యతి కుదిరింది. వాస్తుశిల్పి ఇనిగో జోన్స్ 1619–22లో కట్టిన ఆ బాంక్వెటింగ్ హౌసే ఈ మేడ. కప్పుకు రూబెన్స్ చిత్రాలు తొమ్మిది, 1636లో అమర్చారు. “వేయునైదునూర్లు” సరే, గదులు 1,500 పైచిలుకని చెబుతారు.

పూరణకర్త: చిత్తం, సవరించుకున్నాను. శిరచ్ఛేదానికి గురైన ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ నెత్తుట తడిసిన బట్ట రాజ్యాన్ని తగులబెట్టిందని ఇంకొకటి రాయవచ్చాండీ?

పరిశీలన: రాయవచ్చు గానీ అది 1649 మాట, ఈ నిప్పుకు 49 ఏళ్ళ ముందు. పైగా “తగులబెట్టె”కు కర్మగా “రాజ్యము” మూడో పాదంలోనే పడాలి, లేకపోతే అన్వయం వేలాడుతుంది. ఆ జనవరి 30న ఆయన రూబెన్స్ చిత్రాల కిందుగానే వధ్యవేదికకు నడిచాడు. చలికి వణికితే జనం భయమనుకుంటారని రెండు చొక్కాలు తొడుక్కున్నాడు. అది వేరే సమస్యకు పనికొస్తుంది. వచ్చే వారానికి ఇదీ పాదం, ఆటవెలదే:

“చలికి జడిసె రాజు చావుకన్న”