20 వేలలో మొదటి జంపింగ్ సైకిల్: తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కరకంబాడి కుర్రాడు
అందరికీ నమస్కారం. నాకు 19 ఏళ్లు, తిరుపతిలో డిప్లొమా చివరి సంవత్సరం. సెలవుల్లో క్యాటరింగ్ పనికి వెళ్లి 20 వేలు కూడబెట్టుకున్నాను. మట్టి దిబ్బల మీద జంపులు కొట్టాలని, గుట్ట పైనుంచి రాళ్ల దారిలో దిగాలని రెండేళ్లుగా కోరిక. ఇప్పుడు నా దగ్గరున్నది నాన్న వాడిన 22 అంగుళాల పాత సైకిల్. పోయిన వారం దాంతోనే గట్టు మీద నుంచి దూకితే పెడల్ కాడను ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను వదులై పెడల్ పక్కకు జారింది, మోకాలు చీరుకుపోయింది. టౌన్లో ఒక షాపులో ముందూ వెనకా షాకులున్న కొత్త సైకిల్ 14 వేలకు చూపించారు. వీడియోల్లో చూసే డౌన్‌హిల్ సైకిల్ లాగే ఉంది. తీసుకోవచ్చా?

పలమనేరు గరుసు
తమ్ముడూ, దయచేసి అది తీసుకోవద్దు. నేను సరిగ్గా అలాంటిదే కొని ఏడాది పోగొట్టుకున్నాను. వెనక షాకు అని పెట్టింది ఉత్త స్ప్రింగు. మంచి షాకులో స్ప్రింగుతో పాటు నూనె ఉంటుంది. నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా పైకి లేవకుండా ఆ నూనె ఆపుతుంది. అది లేకపోతే దూకి కిందికి దిగగానే సీటు నిన్ను ముందుకు విసిరేస్తుంది. నన్ను మూడోసారి విసిరినప్పుడు మణికట్టు చిట్లింది, నలభై రోజులు కట్టు. వెనక భాగం ఊగే చోట ప్లాస్టిక్ బుష్షులు రెండు నెలలకే అరిగి, చక్రం అటూ ఇటూ ఆడేది. బరువు 19 కిలోలు. మా ఊరి గుట్ట మీదికి తోసుకుంటూ ఎక్కేసరికే కాళ్లు పీకేవి.

నువ్వు వీడియోల్లో చూసే అసలు డౌన్‌హిల్ సైకిల్‌కి ముందూ వెనకా షాకులకు 200 మిల్లీమీటర్ల దాకా కదలిక ఉంటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మోటార్‌సైకిల్ లాగా పైనా కిందా రెండు చోట్ల బిగించి ఉంటుంది. దాని ధర లక్షల్లో. 14 వేలకు దాని ఆకారం వస్తుంది, పనితనం రాదు.

ఇంకో సంగతి. జంపులకీ డౌన్‌హిల్‌కీ కావలసిన సైకిళ్లు ఒకదానికొకటి ఎదురు. డర్ట్ జంప్ సైకిల్ అంటే 26 అంగుళాల చక్రాలు, చిన్న ఫ్రేము, వెనక షాకు ఉండదు, ముందు 100 మిల్లీమీటర్ల గట్టి ఫోర్కు, చాలా వాటికి ఒక్కటే గేరు. దిబ్బ ఎక్కేటప్పుడు సైకిల్‌ని కాళ్లతో నొక్కి పైకి లేపాలి. మెత్తటి షాకు ఉంటే ఆ బలమంతా అదే మింగేస్తుంది. రెండూ ఒకే సైకిల్‌తో నేర్చుకోవాలంటే వెనక షాకు లేని గట్టి ఫ్రేమే నీకు దారి.

కరకంబాడి కుర్రాడు
థ్యాంక్స్ అన్నా. అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకున్నాను, ఆగిపోయాను. అయితే వెనక షాకు లేని వాటిలో కొత్తది తీసుకోవాలా, పాతదా? షాపుల్లో 15 వేల లోపు చాలా ఉన్నాయి, అన్నిటికీ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు అంటున్నారు.

చిత్తూరు రిపేరు షాపు
బాబూ, నాది 22 ఏళ్ల అనుభవం. గేర్లు లెక్కపెట్టొద్దు. ముందు వెనక చక్రం ఇరుసు చూడు.

చవక గేర్ల సైకిళ్లలో వెనక పళ్ల చక్రాలన్నీ ఒక గుత్తిగా చక్రం మధ్యలోని హబ్బుకి మరతో బిగించి ఉంటాయి. ఫ్రీవీల్ అంటాం. అందులో కుడివైపు బేరింగు హబ్బు లోపలే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఫ్రేము దాకా ఇరుసు ఏ ఊతమూ లేకుండా బయటికి వచ్చి ఉంటుంది. ఏడు పళ్ల చక్రాలంటే ఆ పొడవు చాలానే. దూకి దిగిన దెబ్బ అక్కడే పడుతుంది, ఇరుసు వంగుతుంది, కొన్నాళ్లకు విరుగుతుంది. నా షాపుకి కుర్రాళ్లు తెచ్చే రిపేర్లలో ఇది మాటిమాటికీ వస్తుంది. పళ్ల చక్రాలను హబ్బు మీదికి తొడిగే రకాన్ని క్యాసెట్ అంటాం, అందులో ఆ బేరింగు బయటి కొసన, ఫ్రేముకి దగ్గరగా ఉంటుంది. అది నిలబడుతుంది.

తేడా కనుక్కోవడం సులువు. పళ్ల చక్రాలను చేత్తో వెనక్కి తిప్పు. మధ్యలో పానా పట్టే గాడులున్న రింగు కూడా వాటితో పాటే తిరిగితే క్యాసెట్. అది కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఒక్కటే పళ్ల చక్రం ఉన్న ఫ్రీవీల్ అయితే భయం లేదు, అందులో బయటికి వచ్చే పొడవు తక్కువ.

తర్వాత హ్యాండిల్. పైనుంచి ఒకే బోల్టుతో లోపలికి దిగే పాతరకం రాడ్డు వద్దు. దిగిన దెబ్బకి చక్రం ఒకవైపు, హ్యాండిల్ ఒకవైపు తిరిగిపోతాయి. ఫోర్కు గొట్టానికి బయటి నుంచి పక్కన రెండు బోల్టులతో బిగించే రకం ఉండాలి.

పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూడు. ఒకే వైపువన్నీ ఇంచుమించు ఒకే శబ్దం ఇవ్వాలి. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉంటే రెండు జంపులకే రిమ్ము బెండు. కొత్త చక్రమైనా కొన్నాళ్లు తొక్కాక మళ్లీ బిగించాలి. ఈ పని చాలామంది చేయించరు, అదే నాకు బాధ.

చంద్రగిరి అక్క
ఇరుసు గురించి మీరు చెప్పింది ప్రింటు తీసి పెట్టుకోవలసిన మాట సార్.

తమ్ముడూ, నేను బ్రేకుల గురించి చెబుతాను. 1976లో అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండదారిలో పందేలు పెట్టుకున్నారు. బ్రేకు వెనక హబ్బులో ఉండేది. కిందికి దిగేసరికి హబ్బు కాలిపోయి లోపలి గ్రీజు పొగైపోయేది. దిగిన ప్రతిసారీ మళ్లీ గ్రీజు పెట్టాలి కాబట్టి ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. షాకులు లేకుండానే వాళ్లు దిగారు, ఆగడానికే కష్టపడ్డారు. అందుకే డబ్బు తక్కువున్నప్పుడు షాకు కంటే బ్రేకుకి పెట్టమంటాను. తీగతో లాగే చవక డిస్కులు దుమ్ముకి బిగుసుకుపోతాయి, నాలుగు వేళ్లతో లాగినా ఆగవు. నేను నూనెతో పనిచేసే షిమానో ఎంటీ200 రెండు వైపులా వేయించుకున్నాను. ఇప్పుడు ఒక్క వేలు చాలు, మిగతా వేళ్లు హ్యాండిల్‌ని పట్టుకునే ఉంటాయి. అది వేయాలంటే ఫ్రేముకీ ఫోర్కుకీ డిస్క్ బిగించే చెవులు ఉండాలి, కొనేటప్పుడే చూసుకో.

హెల్మెట్ డబ్బు ముందే పక్కన పెట్టు. మిగిలితే కొంటానంటే ఎప్పటికీ మిగలదు. మోటార్‌సైకిల్ హెల్మెట్‌తో నడిపిద్దామనుకోవద్దు. మన ఎండకి అరగంటలో తల తిరుగుతుంది, బరువుకి మెడ పడుతుంది. లోపల ఈఎన్ 1078 అని రాసి ఉన్న సైకిల్ హెల్మెట్ తీసుకో. మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు. నేను మొదటి నెల అవి లేకుండా నేర్చుకున్నాను, ఎడమ మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. సైజు విషయంలో నీ ఎత్తుకి రెండు సైజులు సరిపోతుంటే చిన్నదే తీసుకో, సీటు పూర్తిగా దించెయ్.

బెంగళూరులో మదనపల్లె
20 వేలకు నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే. బెంగళూరు, చెన్నైలో రాక్‌రైడర్ (డెకత్లాన్ వాళ్ల కొండదారి సైకిల్) లాంటివి ఉద్యోగాలవాళ్లు కొని నాలుగుసార్లు తొక్కి అమ్మేస్తుంటారు. కొనే ముందు ఫ్రేముని తిరగేసి, హ్యాండిల్ గొట్టానికి కింది గొట్టం అతికే చోట టార్చి వేసి చూడు. అక్కడ పెయింటు ముడతలు పడినా, వెంట్రుక లాంటి చీలిక కనబడినా అది ఎదురుగా గుద్దుకున్న సైకిల్. ధర సగం చెప్పినా వద్దు. ఫోర్కు గొట్టాల మీద గోరు పెట్టి లాగు, గీతలు తగిలితే నూనె సీలు పోతుంది. బిల్లు అడుగు, దొంగ సైకిల్ అయితే తలనొప్పి.

కొన్ని సైకిళ్ల ఫ్రేము మీద 1 నుంచి 5 దాకా అంకె ఉన్న చిన్న స్టిక్కరు ఉంటుంది. 3 అంటే 61 సెంటీమీటర్ల లోపు ఎత్తు నుంచి దూకడానికి, 4 అంటే 122 లోపు. మన బడ్జెట్లో 3 దొరికితే మంచిదే. ఆ హద్దులోనే ఉండు.

పలమనేరు గరుసు
సెకండ్ హ్యాండ్ మాటకి నేను ఒప్పుకోను. 19 ఏళ్ల కుర్రాడు ఒంటరిగా బెంగళూరు వెళ్లి చీలిక పట్టుకోగలడా? తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్తేనే వెళ్లు తమ్ముడూ. లేకపోతే కొత్తదే, గ్యారంటీతో.

తిరుచానూరు సైకిల్
ఎక్కడ తొక్కాలో ఎవరూ చెప్పలేదు. శేషాచలం అడవిలోకి మాత్రం వెళ్లొద్దు. అది వేంకటేశ్వర జాతీయ పార్కు, చిరుతలు తిరిగే చోటు. ఎర్రచందనం వల్ల ఫారెస్టు వాళ్ల నిఘా కూడా ఎక్కువ. తిరుమల ఘాట్ రోడ్డులో స్పీడుగా దిగడం డౌన్‌హిల్ కాదు, అది భక్తుల బస్సులు తిరిగే దారి.

మాకు ఒక స్నేహితుడి మామిడి తోటలో వాళ్ల నాన్నగారు ఒక మూల వాడుకోనిచ్చారు. ఎర్రమట్టితో దిబ్బ మేమే కట్టుకున్నాం. పైన బల్లలాగా చదునుగా కట్టండి. ఎగిరిన దూరం చాలకపోతే ఆ చదును మీద దిగుతారు, గుంతలో పడరు. దిగే వైపు వాలు తప్పకుండా ఉండాలి. చదును నేల మీద పడితే దెబ్బంతా చక్రానికీ మోకాళ్లకీ వెళ్తుంది, వాలు మీద దిగితే సైకిల్ దొర్లుకుంటూ పోతుంది. ఎండాకాలం మట్టి పిండిలా రాలిపోతుంది, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి పారతో కొట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలకి దిబ్బ మీద పట్టా కప్పకపోతే నెల పని ఒక్క రాత్రిలో కొట్టుకుపోతుంది. మాకు రెండుసార్లు పోయింది.

టైర్లలో గాలి 40 పీఎస్ఐకి తగ్గనివ్వకండి. తక్కువుంటే దిగినప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. మోటార్‌సైకిల్ రకం వాల్వు అయితే పెట్రోలు బంకులోనే కొట్టించుకోవచ్చు.

కరకంబాడి కుర్రాడు
మూడు వారాలకు వచ్చాను, అందరికీ చెప్పాలని. మా బాబాయికి తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని చెన్నై వెళ్లాం. మూడు సైకిళ్లు చూశాం. ఒకదానికి సరిగ్గా మీరు చెప్పిన చోటే చీలిక కనబడింది, వద్దన్నాం. మూడోది తీసుకున్నాను: 12,500, వెనక షాకు లేదు, అల్యూమినియం ఫ్రేము, క్యాసెట్ హబ్బు (రింగు తిప్పి చూశాను సార్). హెల్మెట్, ప్యాడ్లు కలిపి 3,800. మిగిలిన దాంతో ముందు చక్రానికి మాత్రం నూనె బ్రేకు వేయించాను, వెనకది వచ్చే నెల. ముందు పళ్ల చక్రాలు మూడింటిలో రెండు తీసేయించాను, చైను ఎగిరి జారడం చాలా తగ్గింది.

మా పెద్దమ్మ వాళ్ల పొలంలో దిబ్బ కట్టడం మొదలుపెట్టాను. ఎత్తు ఎంతుండాలి? మూడడుగులు అనుకుంటున్నాను.

తిరుచానూరు సైకిల్
మూడడుగులు వద్దు నాయనా. అడుగున్నర కట్టు, పొడవు ఆరడుగులు. పదిసార్లు వరుసగా వెనక చక్రం వాలు మీదే దిగితే అప్పుడు ఇంకో జానెడు పెంచు. ఆదివారం ఉదయం ఆరు గంటలకు మా తోటకి రా, మా దిబ్బ కొలతలు తీసుకెళ్దువు. పార మాత్రం నీదే తెచ్చుకో, మా దగ్గర ఒక్కటే ఉంది.