పాత ఆర్‌టీఎస్ ఈమెయిళ్లను తెలుగు లిపిలోకి మార్చడం ఎలా?

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు 1990లలో అమెరికాలో చదువుకుంటూ స్నేహితులకు రాసిన ఈమెయిళ్లు ఒక పాత ఫ్లాపీలో దొరికాయి. రెండొందల దాకా ఉంటాయి. అన్నీ ఆర్‌టీఎస్‌లోనే. అంటే రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు. యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చావేదికలోని తెలుగువాళ్లకు అప్పట్లో ఇదే లిపి!

ఇందులో చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. సున్నాకి పెద్ద ‘ఎమ్’. ఇలాంటి రాతను తెలుగు లిపిలోకి మార్చే ‘లేఖిని’ వెబ్‌సైట్‌లో అతికిస్తే సగం ఈమెయిళ్లు చక్కగా తెలుగులోకి వచ్చేశాయి. మిగతా సగంలోనే చిక్కు. ఏ దశలోనో అక్షరాలన్నీ చిన్నవైపోయాయి. దాంతో పాట ‘పాత’ అయింది, వంటలు ‘వమ్తలు’ అయ్యాయి. చదివి వినిపిస్తే పెదనాన్న పడీపడీ నవ్వారు గానీ, సరిచేసే ఓపిక ఆయనకు లేదు.

నిఘంటువుతో పోల్చి సరైన మాట ఊహించే పైథాన్ స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) ఎవరైనా రాశారా? విభక్తులు, సంధులు కలిసిన మాటలతో ఎలా నెగ్గుకొచ్చారు? మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలను మార్చకుండా వదిలేయడానికి దారేమైనా ఉందా? నాకు పైథాన్ కొద్దిగా వచ్చు. ఉచితంగా వాడుకోగల తెలుగు పదాల జాబితా ఎక్కడ దొరుకుతుందో చెప్పినా చాలు.