'బలీయసీ కేవలమీశ్వరేచ్ఛా': ఇంతకీ ఆ ఈశ్వరుడెవరు?

ప్రశ్న:
శత్రు రాజ్యాల యువరాణికీ యువరాజుకీ సంధి కోసం పెళ్లి చేసే ఫాంటసీ సీరియల్ ఒకటి ఫోన్‌లో చదువుతున్నాను. ఆ కథ చెబితే మా పెదనాన్నగారు, 'అలాంటి పెళ్లి మన దగ్గరే జరిగిందమ్మా, ప్రేమ ఒక్కటే పుట్టలేదు' అంటూ ఈ శ్లోకం చదివారు:

చరన్ వనాంతే నవమంజరీషు
న షట్పదో గంధఫలీమజిఘ్రత్
సా కిం న రమ్యా స చ కిం న రంతా
బలీయసీ కేవలమీశ్వరేచ్ఛా

చివరి పాదం మా ఇంట్లో ఏ కష్టం వచ్చినా అనుకునే మాటే. గంధఫలి అంటే ఏమిటి? ఎవరి కథ ఇది?

సమాధానం:
గంధఫలి అంటే సంపెంగ. పట్టి చెప్పాలంటే సంపెంగ మొగ్గ. చంపకం (సంపెంగ) పేర్లు చెప్పాక సంస్కృత నిఘంటువు అమరకోశం 'ఏతస్య కలికా గంధఫలీ' అంటుంది. ప్రియంగువు అనే మొక్కకూ ఆ పేరుంది కానీ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే తుమ్మెద వాలదని కవులు చెప్పేది సంపెంగ మీదే. భావం: అడవిలో కొత్త పూగుత్తుల మధ్య తిరిగే తుమ్మెద సంపెంగను మాత్రం వాసన చూడలేదు. ఆమె అందగత్తె కాదా? అతను రసికుడు కాడా? ఈశ్వరేచ్ఛదే పైచేయి, అంతే.

దీన్ని తుక్క పేరు మీద ఉన్న ఐదు శ్లోకాల తుక్కా పంచకంలోదిగా చెబుతారు. తుక్క కళింగ గజపతి ప్రతాపరుద్రుడి కూతురు, శ్రీకృష్ణదేవరాయల రాణి. అన్నపూర్ణ, జగన్మోహిని అనే పేర్లూ వినిపిస్తాయి. పెళ్లికి ముందు జరిగింది చూడండి. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు రాయల చేతికి వచ్చాయి. కొండవీట్లో గజపతి కొడుకు వీరభద్రుడే బందీగా చిక్కాడు. రాయలు సింహాచలం దాకా వెళ్లాడు, అక్కడ 1516 నాటి ఆయన శాసనం ఉంది. చివరికి సంధి. గజపతి పిల్లనిచ్చాడు, రాయలు కృష్ణకు ఉత్తరాన గెలిచిన సీమ తిరిగిచ్చేశాడు. అన్న బందీ అయిన యుద్ధం ముగించడానికి చెల్లెలికి చేసిన పెళ్లి!

ఆ తర్వాతదంతా ఐతిహ్యమే. రాయలు ఆమెను దూరం పెట్టాడని, ఆమె కంభంలో ఉండిపోయిందని, గుండ్లకమ్మకు అడ్డంగా కంభం చెరువు కట్టించిందని అంటారు. చెరువు కథలో ఆమె పేరు వరదరాజమ్మ. శ్లోకాలు ఆమె స్వయంగా రాసినవేనని నేనైతే పట్టుబట్టను, నోటి నుంచి నోటికి పాకే చాటువుల సంగతి తెలిసిందేగా, ఎవరు రాశారో తేలదు.

వ్యాఖ్య:
ఇంత జరిగాక 'అంతా దేవుడి దయ' అని సరిపెట్టుకోవడం చప్పగా లేదూ మాస్టారూ?

సమాధానం:
ఈశ్వరుడంటే దేవుడొక్కడే అయితే చప్పగానే ఉండేదండీ. అదే అమరంలో 'స్వామీ త్వీశ్వరః పతిరీశితా' అని ఉంది. ఏలిక, దొర, యజమాని అందరూ ఈశ్వరులే. ఈమెకు రాజూ మొగుడూ ఒక్కడే. 'కేవలం' అన్న మాట కూడా వదలకండి. ఆమెలో లోపం లేదు, అతనిలోనూ లేదు అని మూడో పాదం తేల్చేశాక మిగిలింది ఇష్టం ఒక్కటే. ఎవరిష్టం? విన్నవాళ్లు దేవుడనుకుంటే అనుకోనీ. రాజుకు తగలాల్సింది తగులుతుంది. అందరూ చెప్పే అర్థం దైవేచ్ఛే, కాదనను. నాకు మాత్రం ఈ రెండో అర్థంతోనే శ్లోకానికి పదును వస్తుందనిపిస్తుంది.

వ్యాఖ్య:
గంధఫలి అనగానే వసుచరిత్రలోని 'నానాసూన వితాన వాసనల' పద్యం గుర్తొచ్చింది. అక్కడా ఇదే ఫిర్యాదు కదా!

సమాధానం:
ఫిర్యాదు అదే, తీర్పు వేరు. తుమ్మెద నన్నెందుకు ఒల్లదని అక్కడి సంపెంగ తపస్సు చేసి అమ్మాయి ముక్కై పుడుతుంది. చూపులనే తుమ్మెదలు రెండు వైపులా చేరతాయి. ఈ పద్యాన్ని ముక్కు తిమ్మన దగ్గర వసుచరిత్ర కవి రామరాజభూషణుడు కొన్నాడనే కథ ఎలాగూ ఉంది, దాని మీద చర్చ మొదలైతే తెల్లారుతుంది, వద్దు.

ప్రశ్న వేసిన అమ్మాయికి ఒక మాట. పెదనాన్నగారికి మిగతా నాలుగు శ్లోకాలూ నోటికి వస్తే అడిగి ఇక్కడ పెట్టమ్మా. పాఠాంతరాలు పోల్చి చూద్దాం.