పుల్లయ్యలో పుల్ల ఎక్కడిది?

మా తాతగారి అన్నగారి పేరు పుల్లయ్య. పాత దస్తావేజు ఒకటి బయటపడింది. కింద ‘పుల్లయ్య వ్రాలు’ అని వంకర అక్షరాలు, ‘ల్ల’ వత్తు దగ్గర సిరా మరక. మా అబ్బాయి చూసి, “ఆయన బాగా బక్కగా ఉండేవారా?” అని అడిగాడు. ఇది కట్టెపుల్లేనాండీ, వేరే అర్థం ఏమైనా ఉందా?

— కట్టెపుల్ల కాదండీ. తిని పారేసిన విస్తరిని పుల్లాకు, పుల్లె విస్తరి అనేవారు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి ఎంగిలాకుల మీద దొర్లించి పుల్లయ్య అని పెట్టేవారు. పెంటకుప్ప మీద దొర్లిస్తే పెంటయ్య. బిచ్చమెత్తి తెచ్చుకున్న బిడ్డ అనుకుంటే భిక్షమయ్య. తమిళుల కుప్పుస్వామిదీ ఇదే కథ. వీడు మాకే అక్కర్లేదు, నీకెందుకని చావును ఏమార్చడం అన్నమాట. ఆడపిల్లయితే పుల్లమ్మ, పెంటమ్మ. అయితే ప్రతి పుల్లయ్యనూ ఆకుల మీద దొర్లించారనుకోకండి, తాత పేరు మనవడికి పెట్టుకున్న ఇళ్ళూ ఉంటాయి. నాకు ముచ్చటేసేది మాత్రం చివరి ‘అయ్య’. పేరుకు ఎంగిలాకే, మర్యాద మాత్రం తగ్గనివ్వలేదు!

— ఈ పేరు పరువు తీసింది ‘పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు’ అన్న సామెత. రేపు పుల్లయ్యను వేమవరం పంపాలని రాత్రి యజమాని అనడం విని, తెల్లారేసరికి వెళ్ళి వచ్చేశాడట. ఎందుకు వెళ్ళావంటే, మీరేగా వెళ్ళమన్నారు అన్నాడట. నన్నడిగితే తప్పు సగం యజమానిది. కానీ నవ్వంతా పుల్లయ్య మీదే పడింది.

— సినిమావాళ్ళకి మాత్రం ఈ పేరు అచ్చొచ్చింది. 1934లో ‘లవకుశ’ తీసింది చిత్తజల్లు పుల్లయ్యగారే. 1963 నాటి రంగుల ‘లవకుశ’ కూడా ఆయన మొదలుపెట్టిందే, కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేశారు. 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ తీసిన పి.పుల్లయ్యగారు వేరు. ఇద్దర్నీ కలిపేయకండి, చాలామంది కలిపేస్తారు.

— అందరికీ ధన్యవాదాలండీ. పొద్దున మేనత్తకు ఫోన్ చేసి అడిగాను. ఆయనకు ముందు ముగ్గురు పోయారట. విస్తళ్ళ సంగతి ఆవిడకు తెలియదు కానీ, అయిదేళ్ళు వచ్చేదాకా ఆయనకు కొత్త చొక్కా తొడగలేదని, అడిగి తెచ్చిన పాతబట్టలే వేశారని నాయనమ్మ చెప్పేదట. తర్వాత పుట్టిన మా తాతగారికి మాత్రం నిక్షేపంగా దేవుడి పేరే పెట్టారు.