ఎక్సెల్‌లో కాలమ్ వెడల్పు తెలుగు పేర్లకు సరిపోవట్లేదు, డబుల్ క్లిక్ చేస్తే మరీ పెద్దదైపోతోంది

పలాస లెక్కలు:
అందరికీ నమస్కారం. నేను కాశీబుగ్గలో ఒక జీడి పరిశ్రమలో లెక్కలు చూస్తాను. రైతుల దగ్గర పిక్కలు కొన్న లిస్టు ఎక్సెల్ 2016లో పెడుతున్నాను. పేరు, ఊరు, తేదీ, బస్తాలు (80 కేజీల లెక్కన), రేటు, మొత్తం, బ్యాంకు ఖాతా నంబరు, సంతకం. పేర్లూ ఊళ్లూ తెలుగులోనే ఉండాలి, రైతు తన పేరు తాను చదువుకుని సంతకం పెట్టాలి కదా.

ఇప్పుడు వజ్రపుకొత్తూరు అని కొడితే వజ్రపుకొ దాకా కనిపిస్తోంది, మిగతాది తేదీ గడి కిందకి పోతోంది. మొత్తం కాలమ్‌లో డబ్బు బదులు ##### వస్తోంది. గీత మీద డబుల్ క్లిక్ కొట్టమన్నారు, కొడితే పేరు కాలమ్ స్క్రీనంతా పరుచుకుని మిగతావేవీ కనిపించట్లేదు. సీజన్ కదండీ, చేత్తో ఒక్కోటీ లాగుతూ కూర్చుంటే రైతులు గుమ్మం దగ్గరే నిలబడిపోతున్నారు. దారి చెప్పండి.

విజయనగరం డీటీపీ:
అండీ, పేరు కాలమ్ పైన, మొదటి వరుసలో పెద్ద హెడ్డింగ్ ఏమైనా ఉందా? పరిశ్రమ పేరు, చిరునామా లాంటిది?

పలాస లెక్కలు:
ఉందండీ. పరిశ్రమ పేరు, ఊరు, సీజన్, అన్నీ ఒకే గడిలో ఉన్నాయి.

విజయనగరం డీటీపీ:
అయితే అదే. డబుల్ క్లిక్ కొడితే ఎక్సెల్ ఆ కాలమ్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైనది ఏదో చూసి దానికి సరిపడా తెరుస్తుంది. దానికి మీ హెడ్డింగ్ కూడా ఒక పేరే. అందుకని డబుల్ క్లిక్ వదిలేయండి. "రైతు పేరు" అని ఉన్న వరుస నుంచి చివరి రైతు దాకా అన్ని కాలమ్‌లూ కలిపి సెలెక్ట్ చేయండి, హెడ్డింగ్‌ని తాకొద్దు. హోమ్‌లో ఫార్మాట్ నొక్కి ఆటోఫిట్ కాలమ్ విడ్త్ అనండి. కీబోర్డు మీదైతే ఆల్ట్ నొక్కి వదిలి వరసగా హెచ్, ఓ, ఐ. సెలెక్ట్ చేసిన గడులనే చూసి వెడల్పు పెడుతుంది, అన్ని కాలమ్‌లూ ఒక్క దెబ్బకి సర్దుకుంటాయి.

ఆ #### చూసి కంగారు పడకండి, డబ్బు ఎక్కడికీ పోలేదు. అక్షరాలైతే పక్క గడి ఖాళీగా ఉంటే అందులోకి పారుతాయి, ఖాళీ లేకపోతే తెగుతాయి. అంకె సగం తెగితే 1,25,000 కాస్తా 1,25 అయి కూర్చుంటుంది, అది ప్రమాదం కాబట్టి ఎక్సెల్ అంకెని అసలు చూపించదు. వెడల్పు పెంచితే వచ్చేస్తుంది. ఎంత పెంచినా తేదీ గడిలో #### పోకపోతే మాత్రం అది వెడల్పు గొడవ కాదు, ఏదో లెక్కలో తేదీ మైనస్‌లోకి వెళ్లిందని అర్థం.

ఇంకోటి, ఒకసారి చేత్తో లాగిన కాలమ్ తర్వాత మీరు పెద్ద అంకె కొట్టినా తనంతట తాను పెరగదు. కొన్ని పెరుగుతున్నాయి, కొన్ని పెరగట్లేదు అనిపిస్తుంటే కారణం అదే.

రాజాం నుంచి:
ఇంత ఎందుకన్నా, హెడ్డింగ్ గడులన్నీ సెలెక్ట్ చేసి మెర్జ్ అండ్ సెంటర్ కొట్టేస్తే సరి. మెర్జ్ చేసిన గడిని ఆటోఫిట్ పట్టించుకోదు.

విజయనగరం డీటీపీ:
తమ్ముడూ, పట్టించుకోదు నిజమే, కానీ మెర్జ్ అలవాటైతే తర్వాత ఏడిపిస్తుంది. రేపు వీళ్లు ఊళ్లవారీగా సార్ట్ చేయాలంటే లిస్టులో ఎక్కడైనా మెర్జ్ గడి ఉంటే ఒప్పుకోదు. హెడ్డింగ్ దాటి ఒక కాలమ్ సెలెక్ట్ చేయబోతే అన్నీ పట్టుకుంటుంది. మధ్యలో కనిపించడమే కావాలంటే ఆ గడులు సెలెక్ట్ చేసి కంట్రోల్ 1, అలైన్‌మెంట్‌లో హారిజాంటల్ దగ్గర సెంటర్ అక్రాస్ సెలెక్షన్. చూడ్డానికి అచ్చం మెర్జ్‌లాగే ఉంటుంది, గడులు మాత్రం వేటికవే ఉంటాయి.

బొబ్బిలి మాస్టారు:
ఖాతా నంబరు సంగతి ఎవరూ అడగలేదు, నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. 12 అంకెలు, అంతకన్నా ఎక్కువ ఉన్న నంబరు మామూలు గడిలో కొడితే మధ్యలో ఇంగ్లిష్ E అక్షరం, ప్లస్ గుర్తు పెట్టి కుదించేస్తుంది, కాలమ్ ఎంత లాగినా మారదు. 15 అంకెలు దాటితే ఆ తర్వాతవన్నీ సున్నాలైపోతాయి. మొదట్లో ఉన్న సున్నాలూ ఎగిరిపోతాయి. తర్వాత ఫార్మాట్ మార్చినా పోయిన అంకెలు తిరిగి రావు. కాబట్టి నంబర్లు కొట్టక ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోండి. ఇప్పటికే కొట్టినవి పాస్‌బుక్కులతో ఒక్కొక్కటీ సరిచూడండి. రైతు డబ్బు ఇంకో ఖాతాలో పడితే వెనక్కి తెప్పించడం చాలా కష్టమమ్మా. పొరపాటున కూడా ఆ షీటు ఫొటో తీసి ఇక్కడ పెట్టొద్దు.

పలాస లెక్కలు:
మాస్టారూ, చాలా థాంక్స్, మూడు ఖాతాల్లో చివర సున్నాలే ఉన్నాయి, ఇప్పుడే పాస్‌బుక్కులు తెమ్మని కబురు పెట్టాను. డీటీపీ అన్నా, మీరు చెప్పినట్టు కింద వరుసలు మాత్రమే సెలెక్ట్ చేస్తే చక్కగా సర్దుకుంది. రెండే మిగిలాయి. ఊరి పేర్లలో కింద ఒత్తు తెగుతోంది, అక్కుపల్లిలో కావత్తు సగమే ఉంది. ప్రింట్ తీస్తే సంతకం కాలమ్ రెండో కాగితం మీదకి పోతోంది.

విజయనగరం డీటీపీ:
ఒత్తు తెగేది వెడల్పు వల్ల కాదు, ఎత్తు వల్ల. ఎవరో వరుసల ఎత్తు చేత్తో పెట్టి ఉంటారు, అలా పెట్టాక అది కదలదు. వరుసలన్నీ సెలెక్ట్ చేసి ఆల్ట్, హెచ్, ఓ, ఏ కొట్టండి. దాంతోనూ ఒత్తు కింది గీతకి ఆనుకున్నట్టే ఉంటే ఎత్తు రెండు మూడు పాయింట్లు పెంచండి. తెలుగుకి పైన గుడీ, కింద ఒత్తూ రెండిటికీ చోటు కావాలి, ఇంగ్లిష్‌కి సరిపోయిన ఎత్తు మనకి చాలదు. షీటంతా ఒకటే ఫాంట్ పెట్టండి, నిర్మలా యూఐ బాగుంటుంది. గడికో ఫాంట్ ఉంటే వెడల్పులూ గడికో రకంగా వస్తాయి.

ప్రింట్‌కి పేజ్ లేఅవుట్‌లో ల్యాండ్‌స్కేప్ పెట్టి, పక్కనే విడ్త్ దగ్గర 1 పేజ్, హైట్ దగ్గర ఆటోమేటిక్ ఉంచండి. హైట్ కూడా 1 పేజ్ పెడితే రైతులందరినీ ఒకే కాగితంలో కుక్కేస్తుంది, అక్షరాలు చీమల్లా అవుతాయి. ప్రింట్ టైటిల్స్‌లో "రైతు పేరు" వరుస ఇస్తే ప్రతి కాగితం మీదా పైన అదే వస్తుంది. సంతకం కాలమ్‌ని ఆటోఫిట్‌లో కలపకండి, అందులో ఏమీ రాసి ఉండదు కాబట్టి పై మాటకి సరిపడా కుంచించుకుపోతుంది. దానికి మీరే 20 అని విడ్త్ ఇవ్వండి, వేలిముద్ర వేసేవాళ్లకీ సరిపోతుంది.

ప్రింట్ బయట షాపులో తీయిస్తుంటే ఎక్సెల్ ఫైలు పంపకండి. వాళ్ల దగ్గర ఆ ఫాంట్ లేకపోతే ఇంకోటి పెట్టుకుంటుంది, మీరు సర్దిన వెడల్పులన్నీ మళ్లీ తప్పుతాయి. మీ సిస్టంలోనే సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ చేసి, తెరిచి చివరి కాగితం దాకా ఒకసారి చూసుకుని అది పంపండి.